ప్రభుత్వ కొనుగోళ్లు నిబంధనల ప్రకారం సాగాలంటే: కార్యాలయాలు ఎక్కడ తడబడతాయి, ఎలా నిలదొక్కుకోవాలి

ఒక కొనుగోలు ఫైలు మీద ఆడిట్ పేరా, అంటే ఆడిట్ నివేదికలో అభ్యంతరం, పడిందంటే చూసేవాళ్లు ముందు అవినీతినే అనుమానిస్తారు. కొన్ని ఫైళ్లలో అది నిజమే. కానీ అభ్యంతరాలు వచ్చిన ఫైళ్లను ఓపికగా చదివితే తరచూ కనిపించే కథ వేరు. పని ఆలస్యంగా మొదలవుతుంది. గడువు తరుముకొస్తుంటే ఒక మెట్టు వదిలేస్తారు. ఎందుకు వదిలేశారో నోట్‌ఫైల్లో ఒక్క వాక్యం ఉండదు. రెండేళ్ల తర్వాత ఆడిట్ వాళ్లు అడిగే సరికి ఆ సీట్లో ఉన్నవాళ్లు బదిలీ అయిపోయి ఉంటారు. పాపం, అప్పుడే వచ్చిన కొత్త అధికారి తనకు తెలియని నిర్ణయానికి జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

ఈ మార్గదర్శి అలాంటి ఇబ్బంది పడుతున్న కార్యాలయాల కోసం. ప్రధానంగా కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు వర్తించే సాధారణ ఆర్థిక నియమాలు 2017, అంటే అందరూ జీఎఫ్‌ఆర్ అని పిలిచేవి, దృష్టిలో పెట్టుకుని రాశాను. రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయాల్లో నియమాల సంఖ్యలు, పరిమితులు వేరుగా ఉంటాయి. చిక్కులు మాత్రం ఇంచుమించు ఇవే.

మొదటి అడుగు: మీకు ఏ నియమం వర్తిస్తుందో తేల్చుకోండి

మన దేశంలో కేంద్ర స్థాయిలో ప్రభుత్వ కొనుగోళ్లన్నిటికీ కలిపి పార్లమెంటు చేసిన చట్టం ఏదీ లేదు. 2012లో పబ్లిక్ ప్రొక్యూర్‌మెంట్ బిల్లును లోక్‌సభలో పెట్టారు, అది చట్టం కాకుండానే మురిగిపోయింది. కొన్ని రాష్ట్రాలు సొంత చట్టాలు చేసుకున్నాయి. తమిళనాడు 1998లో, కర్ణాటక 1999లో, రాజస్థాన్ 2012లో చేశాయి. మిగతా చోట్ల ఆర్థిక నియమావళులు, ప్రభుత్వ ఉత్తర్వులు, శాఖల మాన్యువల్స్‌తోనే పని నడుస్తోంది.

ఫలితంగా ఒక మామూలు కొనుగోలు మీద కూడా నాలుగైదు పొరల నిబంధనలు ఉంటాయి. రాజ్యాంగంలోని 14వ అధికరణం సమానంగా చూడమంటుంది. 299వ అధికరణం ప్రకారం ఒప్పందం రాష్ట్రపతి పేరునో గవర్నరు పేరునో జరగాలి, అధికారం ఉన్నవారే సంతకం చేయాలి. వాటి కింద జీఎఫ్‌ఆర్ ఆరో అధ్యాయం, ఆర్థిక శాఖలోని వ్యయ విభాగం తెచ్చిన మాన్యువల్స్, కేంద్ర విజిలెన్స్ కమిషన్ సర్క్యులర్లు ఉన్నాయి. సూక్ష్మ, చిన్న సంస్థలకు సంబంధించిన 2012 ఉత్తర్వు, మేక్ ఇన్ ఇండియా ప్రాధాన్యంపై 2017 ఉత్తర్వు, మనతో భూ సరిహద్దు ఉన్న దేశాల బిడ్డర్ల నమోదుపై 2020 జులై ఉత్తర్వు అదనం.

అసలు చిక్కు ఇవి మారుతూ ఉండటంలో ఉంది. ప్రభుత్వ కార్యాలయాల ఆన్‌లైన్ కొనుగోలు వేదిక అయిన జెమ్ పోర్టల్లో ధరలు పోల్చకుండా నేరుగా కొనే పరిమితి 2017లో 50,000 రూపాయలు. 2019లో దాన్ని 25,000కు తగ్గించారు, తర్వాత మళ్లీ పెంచారు. ఒప్పందం సరిగా నెరవేరుస్తానని సరఫరాదారు కట్టే పనితీరు హామీ సొమ్ము 2017 నియమాల్లో ఒప్పంద విలువలో 5 నుంచి 10 శాతం. కొవిడ్ కాలంలో, 2020 నవంబరులో, దాన్ని 3 శాతానికి దించారు, ఆ తర్వాత నియమాన్నే సవరించారు. పాత టెండరు పత్రాన్ని కాపీ చేసి తేదీ మార్చి పంపే అలవాటున్న సెక్షన్లో ఇలాంటి షరతులు కాలం చెల్లినవే కొనసాగుతుంటాయి.

కాబట్టి చేయాల్సిన పని ఒకటే. సెక్షన్లో ఒకరికి ఈ బాధ్యత పేరు పెట్టి అప్పగించండి. ప్రతి మూడు నెలలకోసారి వ్యయ విభాగం వెబ్‌సైట్ చూసి, కొత్త ఉత్తర్వులను ఒకే ఫోల్డర్లో తేదీల వారీగా పెట్టాలి. పరిమితులన్నీ ఒక పేజీలో రాసి, పైన ‘ఫలానా తేదీ నాటికి’ అని వేయాలి. ప్రతి కొనుగోలు నోట్‌లోనూ ఏ నియమం కింద, ఏ ఉత్తర్వుతో సవరించిన పరిమితి ప్రకారం వెళ్తున్నారో రాయాలి. నియమం సంఖ్య ఒక్కటే రాస్తే చాలదు.

రెండో అడుగు: తేదీని వెనక నుంచి లెక్కించండి

ఈ మార్గదర్శి మొత్తంలో ఒక్క పనే చేయగలిగే తీరిక మీకుంటే ఈ పని చేయండి.

జీఎఫ్‌ఆర్ 62వ నియమం ఆర్థిక సంవత్సరం చివరి నెలల్లో ఖర్చుల వెల్లువను ఆర్థిక మర్యాదకు భంగంగానే పరిగణిస్తుంది. చివరి త్రైమాసికంలో బడ్జెట్‌లో 33 శాతం, మార్చి ఒక్క నెలలో 15 శాతం మించకూడదని ఆర్థిక శాఖ పరిమితులు పెట్టింది. అయినా ఫిబ్రవరి రాగానే ఫైళ్లు పరుగు అందుకుంటాయి. నిధులు ఆలస్యంగా విడుదల కావడం కొంత కారణం. అది మీ చేతిలో లేదు. అయితే స్పెసిఫికేషన్, అంచనా, టెండరు పత్రం సిద్ధం చేసుకోవడానికి నిధుల విడుదల దాకా ఆగాల్సిన పని లేదు. అదంతా మీ చేతిలో ఉన్నదే.

జనవరి ఒకటికి కార్యాలయంలో సర్వర్లు పనిచేస్తూ ఉండాలనుకుందాం. సరఫరాకు, బిగింపుకు ఆరు వారాలు. ఒప్పందానికి, హామీ సొమ్ముకు రెండు. ఆమోదానికి రెండు. సాంకేతిక, ధర బిడ్ల పరిశీలనకు మూడు. బిడ్లు వేయడానికి బహిరంగ టెండర్లో మామూలుగా కనీసం మూడు వారాలు ఇవ్వాలి, విదేశీ బిడ్లు కూడా ఆశిస్తే నాలుగు. టెండరు పత్రానికి, దాని ఆమోదానికి మూడు. స్పెసిఫికేషన్‌కు, అంచనాకు ఇంకో మూడు. కలిపితే 22 వారాలు, అంటే ఐదు నెలలు. జులై నెలాఖరుకైనా ఫైలు తెరవాలన్నమాట. నవంబర్లో తెరిస్తే ఎక్కడో ఒకచోట కోత పడి తీరుతుంది. సాధారణంగా ఆ కోత బిడ్ల గడువు మీదే పడుతుంది, పోటీ అక్కడే చచ్చిపోతుంది.

ఏప్రిల్లోనే ఏడాది కొనుగోళ్ల ప్రణాళిక రాసుకోండి. ఏ వస్తువు, సుమారు విలువ, ఏ పద్దు, ఎప్పటికి కావాలి, ఫైలు ఎప్పుడు తెరవాలి అనే ఐదు గడులు చాలు. ముగిసిపోతున్న వార్షిక నిర్వహణ ఒప్పందాలు, సెక్యూరిటీ, పారిశుధ్యం, వాహనాల అద్దె ఒప్పందాలు ఇందులో తప్పకుండా ఉండాలి. చాలా కార్యాలయాల్లో వీటిని మర్చిపోతారు. గడువు తీరాక పాతవాళ్లకే మూడు నెలలు, మరో మూడు నెలలు అంటూ పొడిగిస్తూ పోతారు. టెండరు లేకుండా పని అప్పగించడానికీ దీనికీ ఆడిట్ దృష్టిలో పెద్ద తేడా ఉండదు.

మూడో అడుగు: అవసరాన్ని, స్పెసిఫికేషన్‌ను విడివిడిగా రాయండి

జీఎఫ్‌ఆర్ 144వ నియమం కొనుగోళ్లకు మూల సూత్రాలు చెబుతుంది. నాణ్యత, రకం, పరిమాణం స్పష్టంగా ఉండాలి. అవసరం లేని హంగులు చేర్చి ఖర్చు పెంచకూడదు. చదవడానికి తేలికగానే ఉంటుంది. ఆచరణలో స్పెసిఫికేషన్ చాలాసార్లు ఒక సరఫరాదారు ఇచ్చిన బ్రోచరు నుంచి వస్తుంది. కార్యాలయంలో ఆ వస్తువు గురించి తెలిసినవారు ఉండరు. బయట అడిగితే అమ్మేవాడే చెబుతాడు. ఇది దురుద్దేశం లేకుండానే జరుగుతుంది, కానీ తర్వాత చూసేవారికి ఒకే కంపెనీకి కట్టబెట్టినట్లే కనిపిస్తుంది.

ముందు ఒక పేజీలో అవసరం మాత్రమే రాయండి. ఎంతమంది వాడతారు, రోజుకు ఎంత పని, ఇప్పుడున్నది ఏమైంది, కొనకపోతే ఏం ఆగిపోతుంది, కొనే బదులు అద్దెకు తీసుకుంటే ఎలా ఉంటుంది. వాడే సెక్షన్ ఈ పేజీ మీద సంతకం చేయాలి. ఆ తర్వాతే స్పెసిఫికేషన్‌కు వెళ్లండి.

స్పెసిఫికేషన్‌లో వస్తువు రూపం కన్నా అది చేయాల్సిన పనిని రాయడం మేలు. జనరేటర్ అయితే ఎన్ని కేవీఏ, ఎంత శబ్దం లోపు, ఎంత ఇంధన వినియోగం, ఏ భారతీయ ప్రమాణానికి సరిపోవాలి అని రాస్తే చాలు. బరువు ఇంత, పొడవు ఇంత అని ఖచ్చితమైన అంకెలు వేస్తే ఒకే మోడల్ మిగులుతుంది. కొలత నిజంగా ముఖ్యమైతే, ఉదాహరణకు గది ఇరుకైతే, ‘ఇంతకు మించకూడదు’ అని రాసి కారణం ఫైల్లో పెట్టండి. బ్రాండ్ పేరు చెప్పక తప్పకపోతే పక్కన ‘లేదా దానికి సమానమైనది’ అని తప్పనిసరిగా చేర్చాలి, దేన్ని సమానంగా పరిగణిస్తారో కూడా చెప్పాలి.

తర్వాత ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. మీ స్పెసిఫికేషన్‌కు సరిపోయే వేర్వేరు తయారీదారుల వస్తువులు మూడు మార్కెట్లో ఉన్నాయా? వాటి పేర్లు ఫైల్లో రాయగలరా? రాయగలిగితే ముందుకు వెళ్లండి. రాయలేకపోతే స్పెసిఫికేషన్ మార్చండి, లేదా ఒకే తయారీదారు ఎందుకు తప్పదో ఇప్పుడే నిరూపించండి. ఈ పరీక్ష మీద గంట ఖర్చయినా తర్వాత వచ్చే ఫిర్యాదుల్లో సగం ఆగిపోతాయని నా గట్టి నమ్మకం.

స్పెసిఫికేషన్ రాయడానికి బయటి నిపుణుణ్ని పెట్టుకుంటే, అతనికి గాని అతని సంస్థకు గాని ఆ టెండర్లో ప్రయోజనం లేదని ముందే రాతపూర్వకంగా తీసుకోండి. జీఎఫ్‌ఆర్ 175వ నియమం చెప్పే నిజాయితీ నియమావళిలో ప్రయోజనాల సంఘర్షణ కూడా ఒక భాగం.

నాలుగో అడుగు: అంచనా విలువను మొత్తంగా కట్టండి

ఏ పద్ధతిలో కొనాలి, ఎవరు మంజూరు చేయాలి అనేవి రెండూ అంచనా విలువ మీదే ఆధారపడతాయి. అందుకే ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి.

157వ నియమం సూటిగా చెబుతుంది. కమిటీని, టెండరును, పై అధికారి మంజూరును తప్పించుకోవడానికి కొనుగోలును చిన్న ముక్కలుగా చేయకూడదు. మొదటి వారం పదిహేను కుర్చీలు, మూడో వారం మరో పదిహేను, నెలాఖరుకు ఇంకో ఇరవై కొంటే, ప్రతిదీ పరిమితి లోపలే ఉన్నా, ఆడిట్ మూడింటినీ కలిపే చూస్తుంది. ‘ఒక్కో సెక్షన్ ఒక్కోసారి అడిగింది’ అనే జవాబు నిజమైనా పనిచేయదు, ఎందుకంటే ముందే కలిపి అడగడం కార్యాలయం బాధ్యత. దీనికి నివారణ పైన చెప్పిన ఏప్రిల్ ప్రణాళికే. టోనర్లు, స్టేషనరీ లాంటివి ఏడాదికెంతో కట్టి, ఒకే ఒప్పందంలో విడతలుగా సరఫరా తీసుకోండి.

నిజంగా ముక్కలు తప్పని సందర్భాలూ ఉంటాయి. అనుకోకుండా వచ్చిన అదనపు అవసరం, వేర్వేరు ఊళ్లలో కార్యాలయాలు, ఒకే వ్యాపారి అన్నీ సరఫరా చేయలేని వస్తువులు. అలాంటప్పుడు ‘ఇది విభజన కిందకు రాదు, ఎందుకంటే’ అని మొదలుపెట్టి మూడు వాక్యాలు నోట్‌లో ఆ రోజే రాయండి. ఆ మూడు వాక్యాలు లేకే ఎన్నో ఫైళ్లు ఇరుక్కుంటాయి.

ఇక అంచనా ఎలా కట్టాలి? గత కొనుగోలు ధర, జెమ్‌లో ఇటీవలి ధరలు, ఇతర ప్రభుత్వ కార్యాలయాలు చెల్లించిన ధరలు, అవేవీ లేనప్పుడే మార్కెట్ నుంచి బడ్జెట్ కొటేషన్లు. కొటేషన్ ఒక్కరి దగ్గరే తీసుకుంటే అంచనా ఆ వ్యాపారి చేతిలోకి వెళ్లిపోతుంది. పన్నులు, రవాణా, బిగింపు, వారంటీ తర్వాతి నిర్వహణ అన్నీ కలపండి. ఏ ఆధారంతో ఆ అంకె వచ్చిందో పట్టికగా ఫైల్లో ఉండాలి. బిడ్లు తెరిచాక ధర సమంజసమో కాదో తేల్చే కొలబద్ద ఇదొక్కటే మీ దగ్గర ఉంటుంది.

ఐదో అడుగు: పద్ధతి ఎంచుకోండి, మినహాయింపును మినహాయింపుగానే చూడండి

2016 ఆగస్టులో మొదలైన జెమ్ పోర్టల్లో దొరికే వస్తువులు, సేవలు అక్కడే కొనాలని 149వ నియమం చెబుతుంది. బయట కొనాలంటే ఆ వస్తువు అక్కడ అందుబాటులో లేదని పోర్టల్ నుంచే నివేదిక తీసి ఫైల్లో పెట్టాలి. జెమ్ వాడితే చాలు, నిబంధనలన్నీ పాటించినట్టే అని కొందరు అనుకుంటారు. అది ప్రమాదకరమైన ఊహ. స్పెసిఫికేషన్ తప్పు, విభజన తప్పు, ధర సమంజసమా అని చూడకపోవడం తప్పు. పోర్టల్ వీటిని సరిదిద్దదు. ఫిల్టర్లు వేసుకుంటూ పోయి ఒకే అమ్మకందారు మిగిలేలా చేస్తే ఆ నొక్కులన్నీ అక్కడ నమోదై ఉంటాయి.

జెమ్ బయట చిన్న కొనుగోళ్లకు కొటేషన్లు లేకుండా కొనే పద్ధతి, ఆపైన ముగ్గురు సభ్యుల స్థానిక కొనుగోలు కమిటీ, ఆపైన ఎంపిక చేసిన కొందరినే పిలిచే పరిమిత టెండరు, ఆపైన అందరినీ పిలిచే బహిరంగ టెండరు ఉన్నాయి. కమిటీ సభ్యులు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. 155వ నియమం కింద మీరు ఇచ్చే ధ్రువీకరణలో ‘ఉమ్మడిగానూ, వ్యక్తిగతంగానూ’ సంతృప్తి చెందామని ఉంటుంది. మార్కెట్‌కు వెళ్లకుండా, మిగతా ఇద్దరూ పెట్టారు కదా అని సంతకం పెడితే ఆ వ్యక్తిగత భాగం మీ మీదే పడుతుంది.

ఒకరినే అడిగే పద్ధతికి 166వ నియమం మూడు దారులే ఇచ్చింది. తయారీదారు ఒక్కరే అని తెలిసి ఉండటం, ఫలానా చోటే కొనక తప్పని అత్యవసరం, ఉన్న యంత్రాలకు సరిపోయేలా ప్రామాణికత కోసం నిపుణుల సలహాతో కొనడం. ఇక్కడ అత్యవసరం అంటే ముందు ఊహించలేనిది. మనం ఫైలు ఆలస్యంగా తెరవడం వల్ల పుట్టిన తొందర అత్యవసరం కాదు, దాన్ని అలా పిలిచిన నోట్ ఏ పరిశీలనలోనూ నిలవదు. నామినేషన్‌పై, అంటే టెండరు లేకుండా నేరుగా, పనులు ఇవ్వడం గురించి 2006లో మీరట్ నగర పాలక సంస్థ కేసులో సుప్రీంకోర్టు, ప్రభుత్వ ఒప్పందాలు మామూలుగా బహిరంగ వేలం లేదా టెండరు ద్వారానే జరగాలని చెప్పింది. దాన్ని ఉటంకిస్తూ విజిలెన్స్ కమిషన్ 2007 జులైలో సర్క్యులర్ ఇచ్చింది. ఇచ్చేది ప్రభుత్వ రంగ సంస్థకైనా, ఎందుకు టెండరు పిలవలేదో కారణం రాయాలి.

ఆరో అడుగు: టెండరు పత్రంలో రాసిందే మీకూ చట్టం

1979లో రమణ దయారామ్ శెట్టి కేసు ఈ విషయంలో మైలురాయి. బొంబాయి విమానాశ్రయంలో రెస్టారెంటు నడపడానికి పిలిచిన టెండర్లో, రెండో తరగతి హోటల్ నడుపుతూ కనీసం ఐదేళ్ల అనుభవం ఉన్నవారే అర్హులని రాశారు. చివరికి ఆ అర్హత లేనివారికి ఇచ్చారు. తాను పెట్టిన ప్రమాణానికి ప్రభుత్వ సంస్థ తానే కట్టుబడి ఉండాలని సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఆ అర్హత అక్కర్లేదని ముందే తెలిసి ఉంటే బిడ్ వేసేవాళ్లు ఇంకా ఉండేవారు కదా, వాళ్లకు అన్యాయం జరిగింది అన్నది అందులోని తర్కం.

అందుకే అర్హత షరతులు రాసేటప్పుడు ప్రతిదానికీ ఒక ప్రశ్న వేసుకోండి: ఈ షరతు తీరని బిడ్డరు తక్కువ ధర కోట్ చేస్తే నిజంగా తిరస్కరిస్తామా? తిరస్కరించబోమనుకుంటే ఆ షరతు తీసేయండి. పనుల టెండర్లకు విజిలెన్స్ కమిషన్ 2002 డిసెంబరులో ఇచ్చిన కొలతలు ఇప్పటికీ మంచి ఆధారం. గత మూడేళ్ల సగటు టర్నోవరు అంచనా విలువలో కనీసం 30 శాతం. గత ఏడేళ్లలో అలాంటి పనులు అంచనాలో 40 శాతం విలువైనవి మూడు, లేదా 50 శాతంవి రెండు, లేదా 80 శాతంది ఒకటి చేసి ఉండాలి. దీనికి ఎన్నో రెట్లు అడిగితే కారణం చెప్పగలగాలి.

ప్రాధాన్య విధానాలు ఇక్కడే చేరతాయి. ఏడాది కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి కొనాలి. ఆ 25లో 4 ఎస్సీ, ఎస్టీ యజమానుల సంస్థలకు, 3 మహిళల సంస్థలకు. ఈ సంస్థలకు బిడ్‌తో పాటు కట్టే ధరావతు నుంచి మినహాయింపు ఉంది. వాటి ధర ఎల్‌1, అంటే అందరికన్నా తక్కువ ధర వేసిన బిడ్డరు, కన్నా 15 శాతం లోపు ఎక్కువుంటే, ఎల్‌1 ధరకు దిగిరమ్మని అడిగి కొంత వాటా ఇవ్వాలి. మేక్ ఇన్ ఇండియా ఉత్తర్వు కింద వస్తువులో దేశంలోనే చేరిన విలువ, అంటే స్థానిక విలువ, మామూలుగా 50 శాతం, ఆపైన ఉంటే మొదటి శ్రేణి సరఫరాదారు, 20 నుంచి 50 శాతం లోపైతే రెండో శ్రేణి. రెండు ప్రాధాన్యాలూ ఒకే టెండర్లో ఎదురుపడినప్పుడు గందరగోళం మొదలవుతుంది. బిడ్లు తెరిచాక అర్థం చెప్పుకోవడం మొదలుపెడితే ఓడినవారు ఊరుకోరు. ఏ క్రమంలో వర్తింపజేస్తారో ఒక ఉదాహరణ లెక్కతో సహా పత్రంలోనే పెట్టండి.

బిడ్‌కు ముందు సమావేశం పెడితే అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబును అందరికీ కనిపించేలా పోర్టల్లో పెట్టాలి. ఫోన్లో ఒక్కరికి చెప్పిన వివరణ, ఎంత నిజాయితీగా చెప్పినా, మిగతావారి పట్ల అన్యాయమే. షరతు మార్చితే సవరణ జారీ చేసి గడువు పొడిగించండి.

ఏడో అడుగు: మూల్యాంకనంలో కొత్త కొలతలు తేకండి

సాంకేతిక కమిటీ మొదటి సమావేశంలో టెండరు పత్రంలోని షరతులు అదే వరసలో పట్టికగా రాసుకుని, ప్రతి బిడ్డరు ఎదురుగా ‘తీరింది’, ‘తీరలేదు’, ఏ పేజీలో ఆధారం ఉందో వేయాలి. పత్రంలో లేని గడి పట్టికలో ఉండకూడదు. లోపాలు సరిదిద్దుకునే అవకాశం ఇస్తే ఒకే తరహా లోపం ఉన్న అందరికీ ఇవ్వండి. ధరను, అర్హతను మార్చే పత్రాలు కొత్తగా తీసుకోకండి, ఇప్పటికే ఉన్న వాస్తవాన్ని ధ్రువీకరించే పత్రాలు మాత్రం అడగవచ్చు.

బిడ్ ఒక్కటే వస్తే? చాలా కార్యాలయాలు భయపడి వెంటనే రద్దు చేస్తాయి. దీనివల్ల నెలలు పోతాయి, రెండోసారీ ఒక్కటే రావచ్చు. బిడ్ల సంఖ్యను మాత్రమే చూసి పోటీ లేదని తేల్చకూడదని 173వ నియమం చెబుతోంది. ప్రచారం సరిగా జరిగిందా, గడువు చాలినంత ఇచ్చారా, అర్హతలు అతిగా బిగించలేదా, ధర సమంజసమా అని చూడాలి. నాలుగింటికీ ఆధారంతో అవునని రాయగలిగితే ఒక్క బిడ్‌నూ ఆమోదించవచ్చు. ఇక్కడే మీ అంచనా పట్టిక పనికొస్తుంది.

ధర తగ్గించమని బేరమాడటం మంచి ఉద్దేశంతోనే జరుగుతుంది. అయినా బిడ్లు తెరిచాక బేరాలను నియమాలు గట్టిగా నిరుత్సాహపరుస్తాయి. తప్పనిసరి పరిస్థితుల్లో, కారణం రాసి, ఎల్‌1తో మాత్రమే మాట్లాడాలి. విజిలెన్స్ కమిషన్ 2007 మార్చిలో చెప్పింది కూడా ఇదే. రెండో తక్కువ ధర వేసిన ఎల్‌2ను పిలిచి ‘నువ్వెంతకిస్తావు’ అని అడిగితే టెండరు అక్కడితో పాడైనట్టే.

కుమ్మక్కు గుర్తులు పరిశీలించే అలవాటు చేసుకోండి. వేర్వేరు బిడ్లలో ఒకే అక్షర దోషాలు, ఒకే కంప్యూటర్ చిరునామా నుంచి దాఖలు, వరస సంఖ్యలున్న బ్యాంకు పత్రాలు, ఏటా వంతులవారీగా గెలిచే అవే మూడు పేర్లు. పోటీ చట్టం 2002లోని 3వ సెక్షన్ బిడ్ల కుమ్మక్కును నిషేధిస్తుంది. అనుమానం వస్తే రద్దు చేసి ఊరుకోకుండా పై అధికారికి, విజిలెన్స్‌కు రాయండి. లేకపోతే వచ్చే టెండరూ అంతే.

ఎనిమిదో అడుగు: ఒప్పందం తర్వాత పని మొదలవుతుంది

టెండరు దాకా ఎంతో జాగ్రత్తగా ఉండి, ఆర్డరు ఇచ్చాక ఫైలు అటకెక్కించే కార్యాలయాలు చాలా ఉన్నాయి. సరఫరా గడువు దాటుతుంది, ఎవరూ పొడిగింపు ఇవ్వరు, జరిమానా వేయరు, వస్తువు వచ్చాక మౌనంగా తీసుకుంటారు. ఆపైన జరిమానా వసూలు చేయబోతే సరఫరాదారు ‘మీరు అంగీకరించారు కదా’ అంటాడు. గడువుకు పది రోజుల ముందు ఒక ఉత్తరం, గడువు దాటిన మర్నాడు ఇంకో ఉత్తరం, పొడిగిస్తే జరిమానా హక్కు నిలుపుకుంటూ రాతపూర్వక పొడిగింపు. ఈ మూడింటినీ ముసాయిదాలుగా ముందే ఉంచుకోండి. బ్యాంకు గ్యారంటీల గడువులు ఒక రిజిస్టర్లో ఉండాలి, గ్యారంటీ నిజమైనదో కాదో జారీ చేసిన బ్యాంకుకే రాసి తెలుసుకోవాలి.

ముందస్తు చెల్లింపు వీలైనంత వరకు వద్దు. తప్పనప్పుడు ప్రైవేటు సంస్థలకు 30 శాతం, ప్రభుత్వ సంస్థలకు 40 శాతం దాటకూడదని 172వ నియమం.

ఇక చెల్లింపుల ఆలస్యం. దీన్ని ఉల్లంఘనగా చూసే అలవాటు మన కార్యాలయాల్లో తక్కువ, నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. సూక్ష్మ, చిన్న సంస్థలకు సరుకు అంగీకరించిన 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం 15వ సెక్షన్ చెబుతుంది. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడింతలు, నెలనెలా చక్రవడ్డీతో. సరుకు అందాక 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే అంగీకరించినట్టే లెక్క. చిన్న సరఫరాదారు ఆ డబ్బుతోనే జీతాలివ్వాలి. బిల్లులు ఆరు నెలలు ఆగుతాయని తెలిసిన నిజాయితీపరులు మళ్లీ మీ టెండర్ల వైపు రారు, వచ్చేవాళ్లు ఆ ఆలస్యాన్ని ధరలోనే కలిపి వేస్తారు. బిల్లు వచ్చిన తేదీ, కొర్రీ వేసిన తేదీ, చెల్లించిన తేదీ ఒక రిజిస్టర్లో పెట్టి, కార్యాలయాధిపతి వారానికోసారి చూడాలి. కొర్రీలన్నీ ఒకేసారి వేయాలి.

తొమ్మిదో అడుగు: ఫిర్యాదుకు, కోర్టుకు, ఆడిట్‌కు ముందే సిద్ధంగా ఉండండి

ఓడిన బిడ్డరు తాను ఎందుకు ఓడాడో అడిగితే చెప్పండి. కారణాలు ముందే ఫైల్లో ఉంటే జవాబు ఒక్క రోజు పని. చెప్పకపోతే అతను సమాచార హక్కు దరఖాస్తు వేస్తాడు, ఆ తర్వాత హైకోర్టుకు వెళ్తాడు. 1994లో సుప్రీంకోర్టు ఇచ్చిన టాటా సెల్యులార్ తీర్పు నుంచి కోర్టులు నిర్ణయం మంచిదా చెడ్డదా అని కాక, నిర్ణయం తీసుకున్న పద్ధతి సక్రమంగా ఉందా అని చూస్తున్నాయి. పద్ధతి సరిగా ఉండి, కారణాలు అప్పుడే రాసి ఉంటే కార్యాలయానికి రక్షణ గట్టిగానే ఉంటుంది. తర్వాత అఫిడవిట్‌లో కొత్తగా చేర్చిన కారణాలకు ఆ బలం ఉండదు.

ఫైలు ముగిసేటప్పుడు పైన ఒక సూచిక పేజీ పెట్టండి: అవసరం పేజీ, స్పెసిఫికేషన్ ఆధారం, అంచనా పట్టిక, పద్ధతి ఎంపికకు కారణం, ప్రచురణ రుజువు, మూల్యాంకన పట్టిక, ఆమోదం, ఒప్పందం, స్టాకు రిజిస్టరు పేజీ సంఖ్య, చెల్లింపు వివరాలు. బదిలీ అయ్యే అధికారి సంతకం చేసి అప్పగించే జాబితాలో నడుస్తున్న కొనుగోళ్లన్నీ ఉండాలి.

ఆడిట్ ప్రశ్న వచ్చినప్పుడు ‘నిబంధనల ప్రకారమే జరిగింది’ అని ఒక్క వాక్యంతో పంపకండి. అలాంటి జవాబే ప్రాథమిక ప్రశ్నను పేరాగా మారుస్తుంది. ప్రశ్నకు ఆధారమైన పేజీ నకలు జతచేసి, ఆ రోజు అమల్లో ఉన్న ఉత్తర్వు చూపండి. తప్పు నిజంగా జరిగి ఉంటే ఒప్పుకుని, నష్టం ఎంత, ఎవరి నుంచి రాబట్టారు, మళ్లీ జరగకుండా ఏ తేదీన ఏ ఆదేశం ఇచ్చారు అన్నవి రాయండి. ఆ ఆదేశం ప్రతిని మొదటి అడుగులో చెప్పిన ఫోల్డర్లోనూ ఒకటి పెట్టండి.